సార్, అంగారకుడి మీద వరి పండుతదా?

బడికి అంతరిక్ష శాస్త్రవేత్త వచ్చిన రోజున పిల్లలు అడిగే ప్రశ్నల్లో కొన్ని ఆకాశం గురించి, కొన్ని తమ బతుకు గురించి. మొదటివాటికి జవాబు దొరుకుతోంది. రెండోవాటికి చప్పట్లతో సరిపెడుతున్నాం. ఈ రెండు రకాల ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉందని చెప్పడానికే ఈ కథనం.

వానాకాలం వరి పొట్టకొచ్చే రోజుల్లో ఏటా ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు వస్తాయి. 1957 అక్టోబరు 4న మనిషి చేసిన తొలి ఉపగ్రహం స్పుత్నిక్ నింగికెగసింది. 1967 అక్టోబరు 10న అంతరిక్షం ఏ ఒక్క దేశం సొత్తూ కాదన్న అంతర్జాతీయ ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఈ రెండు తేదీల మధ్య వారం రోజుల్లో శ్రీహరికోట సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం శాస్త్రవేత్తలు రాకెట్ నమూనాలు వెంటబెట్టుకుని తెలుగు రాష్ట్రాల బడులకూ కాలేజీలకూ వస్తుంటారు.

సూర్యాపేట జిల్లా పెన్‌పహాడ్ లాంటి మండలంలో ఒక ఉన్నత పాఠశాలకు అలా ఒక శాస్త్రవేత్త వస్తే ఏమవుతుందో బడి సంగతి తెలిసిన ఎవరైనా చెప్పగలరు. ‘ప్రశ్నలుంటే అడగండి’ అనగానే మొదట ఎవరూ లేవరు. తరగతిలో ఫస్టొచ్చే పిల్లవాడి వైపు టీచర్లు చూస్తారు. అతను పుస్తకంలో ఉన్న ప్రశ్నే అడుగుతాడు. ఆ తర్వాత వెనక వరసలోంచి ఎవరో ఒకరు లేచి, నిజంగా తెలుసుకోవాలనుకున్నది అడుగుతారు. అక్కణ్ణుంచి చేతులు లేస్తూనే ఉంటాయి.

ఈ పిల్లలకు నారుమడి తెలుసు, హార్వెస్టర్ తెలుసు, మిర్యాలగూడ మిల్లులకు పోయే ధాన్యం ట్రాక్టర్లు తెలుసు. రాకెట్ మాత్రం టీవీలోనే చూశారు. అయినా వాళ్ల ప్రశ్నలు ఏ మహానగరం పిల్లల ప్రశ్నలకూ తీసిపోవు. పైగా అంగారకుడి గురించిన ఒక్కో ప్రశ్న వెనక ఒక్కో వృత్తి ఉంది. ఆ వృత్తి పేరు, దానికి చదవాల్సిన చదువు కూడా చెబితేనే జవాబు పూర్తయినట్టు. అలా పూర్తిగా చెప్పే ప్రయత్నమే ఇది.

‘గది ఎందుకు ఎర్రగుంటది సార్?’

తుప్పు. అంగారకుడి మట్టిలో, దుమ్ములో ఇనుము ఎక్కువ. ఆ ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఐరన్ ఆక్సైడ్‌గా మారింది. వానకు నానిన నాగలి కర్రుకు పట్టేదీ ఇదే. అక్కడ సన్నటి దుమ్ము గ్రహమంతా కప్పేసింది కాబట్టి, కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి మామూలు కంటికి కూడా ఎర్రటి చుక్కలా కనిపిస్తుంది.

ఆ చుక్క వ్యాసం 6,779 కిలోమీటర్లు, అంటే భూమిలో సగం. అక్కడ రోజు మన రోజుకంటే దాదాపు 40 నిమిషాలు పొడుగు. సంవత్సరం మాత్రం 687 రోజులు. గురుత్వాకర్షణ మనదాంట్లో 38 శాతమే కాబట్టి ఇక్కడి 50 కిలోల బియ్యం బస్తా అక్కడ 19 కిలోలే అనిపిస్తుంది. ఒలింపస్ మాన్స్ అనే అగ్నిపర్వతం ఎత్తు దాదాపు 22 కిలోమీటర్లు. మన ఎవరెస్టు తొమ్మిది కిలోమీటర్లు కూడా లేదు.

ఈ సంగతులన్నీ రాళ్లనూ మట్టినీ చదివేవాళ్లు చెప్పినవి. వాళ్లను భూగర్భ శాస్త్రవేత్తలు, రసాయన శాస్త్రవేత్తలు అంటాం. జియాలజీ, కెమిస్ట్రీ చదివినవాళ్లకు బొగ్గు గనుల్లోనో మందుల కంపెనీల్లోనో తప్ప పని ఉండదన్న అభిప్రాయం మన దగ్గర గట్టిగా ఉంది. అంగారకుడి మీద తిరిగే రోవర్లు ఏ రాయి దగ్గర ఆగాలో తేల్చే బృందాల్లో కూర్చునేది ఈ చదువులవాళ్లే.

‘అక్కడికి పోవాలంటె ఎన్ని దినాలు పడ్తది?’

ఈ ప్రశ్నకు మన దేశం సొంతంగా ఒకసారి జవాబు రాసింది. దాని పేరు మంగళయాన్.

2013 నవంబరు 5 మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకు పీఎస్ఎల్వీ-సి25 రాకెట్ శ్రీహరికోట నుంచి లేచింది. దాని మీద ఉన్న నౌక బరువు 1,337 కిలోలు. కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది 2012 ఆగస్టులో. అంటే పదిహేను నెలల్లో ప్రయోగం పూర్తయింది. అంతకుముందే, అసలు ఇది మనవల్ల అవుతుందా అని లెక్కలు కట్టిన అధ్యయన బృందానికి నాయకత్వం వహించింది ఆంధ్రప్రదేశ్‌కు చెందిన విప్పర్తి ఆదిమూర్తి. రాకెట్ల గమనపథాల లెక్కల్లో ఆయన దిట్ట. ప్రయోగం నాటికి శ్రీహరికోట కేంద్రం డైరెక్టర్ ఎం.వై.ఎస్. ప్రసాద్ కూడా తెలుగువారే.

నౌకను నేరుగా అంగారకుడి దారిలోకి విసిరేంత బలం పీఎస్ఎల్వీకి లేదు. అందుకని నౌక భూమి చుట్టూ తిరుగుతూ, భూమికి దగ్గరగా వచ్చినప్పుడల్లా ఇంజిన్ మండించి కక్ష్యను పెంచుకుంటూ పోయింది. డిసెంబరు 1న భూమిని వదిలింది. ఆ తర్వాత సుమారు 300 రోజుల ప్రయాణం. భూమీ అంగారకుడూ రెండూ కదులుతూనే ఉంటాయి కాబట్టి, మనం బయల్దేరేది ఇప్పుడు అంగారకుడున్న చోటికి కాదు, పది నెలల తర్వాత ఉండబోయే చోటికి. రెండు గ్రహాలూ అందుకు అనువుగా కుదిరేది 26 నెలలకు ఒక్కసారే.

మనుషులు పోవాలంటే ఒకవైపే ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. తిరిగి రావడానికి మళ్లీ గ్రహాలు కుదిరేదాకా అక్కడే ఆగాలి. మొత్తం మీద దాదాపు మూడేళ్లు.

2014 సెప్టెంబరు 24 ఉదయం సంగతి పిల్లలకు నిమిషం నిమిషం చెప్పాలి. అంగారకుడి దగ్గరికి చేరిన నౌక వేగాన్ని సెకనుకు 1.1 కిలోమీటరు మేర తగ్గించాలి. తగ్గకపోతే అది గ్రహాన్ని దాటి పోతుంది, మళ్లీ దొరకదు. ఆ పని చేయాల్సిన ప్రధాన ఇంజిన్ దాదాపు 300 రోజులుగా నిద్రలో ఉంది. రెండు రోజుల ముందు నాలుగు సెకన్లపాటు మండించి చూశారు, పనిచేసింది. అసలు రోజున 24 నిమిషాలు మండాలి. అప్పుడు నౌక నుంచి సంకేతం భూమికి రావడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతోంది. ఏదైనా తేడా వచ్చిందని ఇక్కడ తెలిసేసరికి అక్కడ అంతా అయిపోయి ఉంటుంది. అందుకే ఏ క్షణాన ఏం చేయాలో ఆదేశాలన్నీ పదిరోజుల ముందే నౌకలోకి ఎక్కించేశారు.

ఉదయం ఏడుంబావు దాటాక ఇంజిన్ మండటం మొదలైంది. కొద్ది నిమిషాలకే నౌక అంగారకుడి చాటుకు వెళ్లిపోయింది. సంకేతాలు ఆగిపోయాయి. బెంగళూరు నియంత్రణ కేంద్రంలో ఎవరి చేతుల్లోనూ చేయడానికి ఏమీ లేదు. ఎనిమిది గంటల ప్రాంతంలో సంకేతం తిరిగి అందింది. నౌక కక్ష్యలో ఉంది. తొలి ప్రయత్నంలోనే అంగారక కక్ష్యను అందుకున్న మొదటి దేశం మనదే. ఆసియాలో అక్కడికి చేరిన మొదటి దేశమూ మనదే. ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్న నౌక 2022 ఏప్రిల్‌లో సంబంధాలు తెగేదాకా ఏడున్నరేళ్లు అంగారకుడి చుట్టూ తిరిగింది.

ఆ సంకేతాలను పట్టింది బెంగళూరు దగ్గర బ్యాలాలులో ఉన్న 32 మీటర్ల భారీ యాంటెనా. దాన్ని తయారుచేసి నిలబెట్టడంలో ప్రధాన పాత్ర మన హైదరాబాద్ ఈసీఐఎల్‌ది. పీఎస్ఎల్వీ రెండో దశలో మండే వికాస్ ఇంజిన్లను తయారుచేసే సంస్థల్లో హైదరాబాద్ ఎంటార్ ఒకటి. అంగారకుడి దారి మన హైదరాబాద్ పారిశ్రామికవాడల మీదుగానే పోయింది. ఆ వాడల్లో ఇంజనీర్లతోపాటు టర్నర్లు, ఫిట్టర్లు, వెల్డర్లు ఉంటారు. లేత్ మిషన్ ముందు నిలబడి వెంట్రుకవాసి తేడా కూడా రాకుండా లోహాన్ని చెక్కే మనిషి చేతుల్లోనే రాకెట్ భద్రత ఉంటుంది.

‘అక్కడ వరి పండుతదా?’

రైతు బిడ్డ అడిగిన ఈ ప్రశ్నకు నవ్వి ఊరుకోకూడదు. ప్రపంచంలో పెద్ద పెద్ద ప్రయోగశాలలు ఇప్పుడు తలలు పట్టుకుంటున్నది దీని గురించే.

ఇప్పుడున్న స్థితిలో ఆరుబయట పండదు. గాలి ఒత్తిడి మనదాంట్లో ఒక శాతం కూడా లేదు కాబట్టి మడిలో నీళ్లు పెడితే నిలవవు. కొంత గడ్డకడుతుంది, మిగతాది ఆవిరైపోతుంది. సగటు ఉష్ణోగ్రత సున్నాకు 60 డిగ్రీల కింద. గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడే. అది మొక్కకు పనికొచ్చేదే గానీ ఆ గాలి మరీ పలచన. ఇక మట్టి అనడమే గానీ అందులో పశువుల ఎరువు లేదు, వానపాము లేదు, కుళ్లిన ఆకు లేదు. ఉన్నది రాతిపొడి.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. 2008లో అంగారకుడి ఉత్తర ధ్రువం దగ్గర దిగిన ఫీనిక్స్ నౌక అక్కడి మట్టిని పరీక్షించి, అందులో పెర్‌క్లోరేట్ అనే లవణాలు ఉన్నాయని కనిపెట్టింది. కిలో మట్టికి దాదాపు ఐదు గ్రాములు. మన దగ్గర చౌడు పట్టిన చెలకలో గింజ ఎలా మొలవక చస్తుందో, అక్కడ ఈ లవణాలు అలా అడ్డం పడతాయి. మనుషుల థైరాయిడ్‌కూ ఇవి హాని చేస్తాయి.

మరి దారే లేదా? ఉంది, వెతుకుతున్నారు. అమెరికాలోని ఆర్కాన్సా విశ్వవిద్యాలయం పరిశోధకులు అంగారకుడి మట్టిని పోలిన మట్టిలో వరి వేసి చూశారు. ఆ ఫలితాలను 2023లో ఒక శాస్త్ర సదస్సులో చెప్పారు. కిలో మట్టికి మూడు గ్రాముల పెర్‌క్లోరేట్ కలిపితే ఏ రకం మొలకా పైకి లేవలేదు. ఒక గ్రాముకు తగ్గిస్తే, జన్యువు సవరించిన ఒక రకం మొలకెత్తి వేరు కూడా పట్టింది. 2025లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన మన వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడ మెంతులు, పెసలు మొలకెత్తించారు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన బండ్ల శిరీష 2021 జులై 11న అంతరిక్షపు అంచులకు వెళ్లినప్పుడు చేసిన ప్రయోగం కూడా మొక్కల మీదే.

వరిని మార్చే ఈ పని మనకు కొత్త కాదు. సాంబమసూరికి బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే శక్తినిచ్చింది హైదరాబాద్ శాస్త్రవేత్తలే. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి ఆ రకాన్ని తెచ్చాయి. అందువల్ల బైపీసీ తీసుకున్న పిల్లకు డాక్టర్ సీటు ఒక్కటే గమ్యమని చెప్పడం అన్యాయం. వ్యవసాయ శాస్త్రం, జన్యుశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం చదివినవాళ్లు లేకుండా అంగారకుడి మీద మనిషి ఒక పంట కాలం కూడా బతకలేడు. పొలం పని తెలిసి, చౌడు నేల సంగతి తెలిసి, ఆపైన ఈ చదువు చదివిన పిల్లకు ఆ రంగంలో ఒక అడుగు ముందే పడినట్టు.

‘అక్కడ జీవులు ఉన్నయా?’

ఇక్కడ శాస్త్రవేత్త నోట పిల్లలు వినాల్సిన మాట ఒకటుంది: ఇంకా తెలియదు.

ఒకప్పుడు అక్కడ నదులు పారాయి, సరస్సులు నిండాయి. 2021 ఫిబ్రవరి 18న నాసా రోవర్ పర్సివరెన్స్ దిగిన జెజెరో బిలం కూడా అలాంటి పాత సరస్సే. ఒక నది అందులో కలిసిన చోట ఏర్పడ్డ డెల్టా ఆనవాళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. 2024లో ఆ రోవర్ అక్కడి పాత నది పాయలో ఒక రాయిని చూసింది. దానిమీద చిరుతపులి ఒంటి మీదుండేలాంటి మచ్చలున్నాయి. అలాంటి మచ్చలను భూమి మీద కొన్నిసార్లు సూక్ష్మజీవులు చేస్తాయి. జీవం లేకుండా రసాయన చర్యలతోనూ రావచ్చు. 2025 సెప్టెంబరులో ఈ పరిశోధన నేచర్ పత్రికలో వచ్చింది. ‘ఇది జీవానికి ఆనవాలు కావచ్చు’ అనే అన్నారు తప్ప ‘జీవం దొరికింది’ అని ఎవరూ అనలేదు. ఆ రాయి ముక్క ఇప్పుడు రోవర్ దగ్గరే ఒక గొట్టంలో భద్రంగా ఉంది. దాన్ని భూమికి తెచ్చి పరీక్షిస్తేగానీ సంగతి తేలదు.

తరగతి గదిలో ‘తెలియదు’ అంటే చిన్నతనం. ప్రయోగశాలలో పని మొదలయ్యేదే ఆ మాటతో. ఇంతవరకే రుజువైంది, ఇక్కణ్ణుంచి ఊహ అని గీత గీసి చెప్పగలగడం నేర్పితే, పిల్లలు రేపు ఏ రంగంలోకి వెళ్లినా మోసపోరు, మోసం చేయరు.

‘కుజదోషం అంటరు గద, నిజమేనా మేడం?’

ఈ ప్రశ్న తెలుగు నేల మీద తప్పకుండా వస్తుంది. ఎక్కువగా ఆడపిల్లల వైపు నుంచి వస్తుంది. ఆ పిల్ల ఇంట్లోనో పక్కింట్లోనో ఒక సంబంధం తప్పిపోయి ఉంటుంది, ఒక అక్క కన్నీళ్లు పెట్టుకుని ఉంటుంది. కాబట్టి దీన్ని ఎగతాళి చేయకూడదు, దాటవేయకూడదు.

కుజుడంటే అంగారకుడే. అది భూమికి ఐదున్నర కోట్ల నుంచి నలభై కోట్ల కిలోమీటర్ల దూరంలో తన లెక్క ప్రకారం తాను తిరిగే రాతి గోళం. ఏ పిల్ల ఎప్పుడు పుట్టిందో దానికి పట్టదు. పుట్టిన వేళ ఆ గ్రహం ఆకాశంలో ఎక్కడుందన్న దాన్నిబట్టి పెళ్లిళ్లు నిలుస్తాయనో చెడతాయనో చూపే ఆధారం ఏదీ లేదు.

మంగళయాన్ బయల్దేరిన 2013 నవంబరు 5 మంగళవారం. మన ఇళ్లలో కొత్త పనికీ ప్రయాణానికీ పనికిరాదనే వారం. నిజానికి ప్రయోగాన్ని మొదట అక్టోబరు 28న అనుకున్నారు. రాకెట్ గమనాన్ని దక్షిణ పసిఫిక్ సముద్రం మీదినుంచి గమనించాల్సిన ఓడ వాతావరణం బాగోలేక ఆలస్యమైంది. అది చేరాకే తేదీ ఖాయమైంది. గ్రహగతుల లెక్క, ఓడ చేరిన రోజు, శ్రీహరికోట వాతావరణం... ముహూర్తం పెట్టింది ఇవి. మంగళవారం మంగళుడి దగ్గరికి బయల్దేరిన నౌక క్షేమంగా చేరింది. కుజుడి పేరు చెప్పి ఏ ఆడపిల్ల చదువునూ, పెళ్లినీ ఆపే హక్కు ఎవరికీ లేదని ఈ ఒక్క తేదీ చూపించి చెప్పొచ్చు.

‘ఫెయిలైతే ఏం జేస్తరు?’

1999 సెప్టెంబరు 23న నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గరికి చేరి నాశనమైంది. విచారణ చేస్తే తేలిందేమిటి? ఒక బృందం ఇంజిన్ బలాన్ని పౌండ్లలో లెక్కగట్టి అంకెలు పంపింది. రెండో బృందం అవి న్యూటన్లలో ఉన్నాయనుకుని వాడుకుంది. నౌక అనుకున్నదానికంటే బాగా కిందికి దిగిపోయింది. కోట్ల డాలర్ల నౌక పోయింది.

ఫిజిక్స్ పేపర్లో యూనిట్ రాయలేదని అర మార్కు కోస్తే అలిగే పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం లేదు. జపాన్ పంపిన నోజోమి 2003లో అంగారక కక్ష్యలోకి చేరలేకపోయింది. రష్యా ఫోబోస్-గ్రంట్, దాంతోపాటు వెళ్లిన చైనా నౌక 2011లో భూమి కక్ష్య కూడా దాటలేదు. ఈ దేశాలేవీ అంతరిక్షాన్ని వదిలేయలేదు. చైనా పదేళ్లకు, 2021లో, అంగారకుడి మీద జురాంగ్ రోవర్‌ను దింపింది. మన చంద్రయాన్-2 ల్యాండర్ 2019లో కూలితే, ఎక్కడ తప్పు జరిగిందో ఒక్కోటీ రాసుకుని, 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది. ఆ రోజే ఇప్పుడు జాతీయ అంతరిక్ష దినోత్సవం. పదో తరగతిలోనో ఇంటర్లోనో ఒక సబ్జెక్టు పోయిందని ప్రాణాలు తీసుకునే పిల్లలున్న రాష్ట్రాల్లో ఈ జవాబు గట్టిగా, నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాలి.

‘మా ఊరికి రోడ్డే సక్కగ లేదు, గంత ఖర్చెందుకు?’

ఇది అడగాల్సిన ప్రశ్నే. అడిగిన పిల్లను కసురుకోకూడదు. మంగళయాన్‌కు 450 కోట్ల రూపాయలు అయ్యాయి. అప్పటి జనాభాతో భాగిస్తే తలకు నాలుగు రూపాయలు కూడా కాదు. మన అంతరిక్ష పరిశోధన సంస్థ ఇస్రో మొత్తం పనిలో అంగారకుడు చిన్న భాగం. మిగతాది నేల కోసమే. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, షాద్‌నగర్‌లోని దాని యాంటెనాలు ఉపగ్రహాల నుంచి చిత్రాలు దించుకుని ఏ జిల్లాలో ఎంత వరి వేశారో, ఏ చెరువులో నీళ్లు ఎంత ఉన్నాయో లెక్కగట్టడానికి ఇస్తాయి. ఆ కేంద్రం నడిపే భువన్ వెబ్‌సైట్లో పెన్‌పహాడ్ పొలాలనూ చూడొచ్చు. తుఫాను తీరం దాటేది ఎక్కడో ముందే తెలిసి జనాన్ని తరలించగలుగుతున్నది ఉపగ్రహాల వల్లే. రోడ్డు ఎందుకు బాగాలేదన్నది వేరే ప్రశ్న. అదీ అడగాల్సిందే, అడగాల్సిన వాళ్లను.

‘నేను సైంటిస్టు అయితనా సార్?’

అందరికంటే ఆఖర్న, మైకు కట్టేసే వేళకు, ఒక పిల్ల లేచి అడిగే ప్రశ్న ఇది. ‘కష్టపడితే ఏదైనా సాధించొచ్చమ్మా’ అన్న మాటతో సభ ముగుస్తుంది. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆ పిల్ల ఇంటికెళ్లాక ‘రేపు పొద్దున ఏం చేయాలి’ అనుకుంటే దాంట్లో జవాబు లేదు.

ముందుగా భయాలు తీర్చాలి. ప్రాంతీయ భాషలో చదివితే పనికిరామా? 2018 నుంచి 2022 దాకా ఇస్రో ఛైర్మన్‌గా ఉన్న కె. శివన్ కన్యాకుమారి జిల్లాలో రైతు బిడ్డ. ప్రభుత్వ బడిలో తమిళ మాధ్యమంలో చదివారు. వాళ్లింట్లో తొలి డిగ్రీ ఆయనదే. ఆడపిల్లలకు కుదురుతుందా? చంద్రయాన్-3 అసోసియేట్ ప్రాజెక్టు డైరెక్టర్ కల్పన కాళహస్తిది చిత్తూరు జిల్లా. మంగళయాన్‌ను నడిపించిన వాళ్లలో రితు కరిధాల్, నందిని హరినాథ్ ఉన్నారు. కళ్లద్దాలుంటే? చూపు సరిగా లేక నాసా వ్యోమగామి కావాలన్న కోరిక తీరదని తెలిశాక శిరీష ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదివి, ఆ దారిన అంతరిక్షపు అంచుదాకా వెళ్లారు.

ఇక దారులు. మన దగ్గర అంతరిక్షం అనగానే ఐఐటీ ర్యాంకు గుర్తొస్తుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వీధుల్లో ర్యాంకుల ఫ్లెక్సీలు చూసి, ఫీజు కట్టలేని ఇంటి పిల్ల అక్కడే ఆగిపోతుంది. ఇస్రోలో మాత్రం తలుపులు చాలా ఉన్నాయి. పదో తరగతి తర్వాత ఐటీఐలో ఫిట్టర్, టర్నర్, ఎలక్ట్రానిక్స్ ట్రేడు చేసినవాళ్లను టెక్నీషియన్లుగా తీసుకుంటుంది. పాలిటెక్నిక్ డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసైతే టెక్నికల్ అసిస్టెంట్. బీఎస్సీ ఫస్ట్ క్లాసయితే సైంటిఫిక్ అసిస్టెంట్. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ బీటెక్‌లో 65 శాతం ఉంటే సైంటిస్ట్-ఇంజనీర్ పరీక్ష రాయొచ్చు. కాలేజీ ఏ ఊళ్లో ఉందని అడగరు. ఇస్రో సొంత విద్యాసంస్థ తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ. దానిలో బీటెక్ సీటుకు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, జియాలజీ మీద మక్కువ ఉన్నవాళ్లకు తిరుపతి ఐసర్ ఉంది, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది, ఉస్మానియా ఉంది.

ప్రభుత్వ ఉద్యోగమే దారి అన్న కాలం కూడా మారుతోంది. ఇస్రోలో పనిచేసి బయటికొచ్చిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో స్కైరూట్ పెట్టారు. 2022 నవంబరు 18న వాళ్ల విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి ఎగిరింది. ఒక ప్రైవేటు సంస్థ మన దేశం నుంచి ప్రయోగించిన తొలి రాకెట్ అదే. అదే నెలలో హైదరాబాద్‌కే చెందిన ధ్రువ స్పేస్ రెండు చిన్న ఉపగ్రహాలను పీఎస్ఎల్వీ మీద పంపింది.

2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం, 2040 నాటికి చంద్రుడి మీదికి భారతీయుణ్ణి పంపడం మన దేశం పెట్టుకున్న లక్ష్యాలు. ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లకు 2040 నాటికి ముప్ఫై ఏళ్లు నిండవు. ఆ పని చేయాల్సిన వయసు సరిగ్గా ఈ పిల్లలదే.

బడి నోటీసు బోర్డు మీద ఉండాల్సినవి

ఇన్‌స్పైర్-మానక్: ఆరో తరగతి నుంచి పిల్లలు సొంత ఆలోచనలు పంపొచ్చు. బడి తరఫున ఆన్‌లైన్లో నమోదు చేయాలి. ఎంపికైతే నమూనా చేయడానికి పది వేల రూపాయలు ఇస్తారు.

యువిక: తొమ్మిదో తరగతి పిల్లలకు ఇస్రో 2019లో మొదలుపెట్టిన యువ విజ్ఞాని కార్యక్రమం. ఇస్రో కేంద్రాల్లో దాదాపు రెండు వారాలు ఉండి నేర్చుకోవచ్చు. ప్రయాణం, బస, భోజనం ఇస్రోవే. ఎనిమిదో తరగతి మార్కులతోపాటు సైన్స్ ఫెయిర్లు, ఆటలు, స్కౌట్స్, ఎన్‌సీసీ లెక్కలోకి వస్తాయి. పంచాయతీ పరిధిలోని బడి పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంది. దరఖాస్తులు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో.

బాసర ట్రిపుల్ఐటీ: పదో తరగతి మార్కులతో ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ ఇంజనీరింగ్. ప్రభుత్వ బడుల పిల్లలకు అదనపు పాయింట్లు కలుపుతారు.

ఇన్‌స్పైర్ ఉపకార వేతనం: ఇంటర్లో బోర్డు మొత్తం మీద పై ఒక శాతంలో నిలిచి, బీఎస్సీలాంటి మూల విజ్ఞాన కోర్సుల్లో చేరితే ఏటా 80 వేల రూపాయలు.

శ్రీహరికోట గ్యాలరీ: 2019 నుంచి రాకెట్ ప్రయోగాన్ని సామాన్యులూ చూడొచ్చు. ఆన్‌లైన్లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలి.

ఊరి ఆకాశం ఉచితం

ఖర్చు లేకుండా ఈ వారమే మొదలుపెట్టగల పని ఒకటుంది. అంగారకుణ్ణి చూడటం. దానికి టెలిస్కోపు అక్కర్లేదు. ఊరవతల వీధి దీపాలు లేని చోట నిలబడి, పక్కనున్న నక్షత్రాలతో పోల్చి అది ఎక్కడుందో వారానికోసారి నోటుబుక్కులో చుక్క పెట్టుకుంటే చాలు. కొన్ని నెలలు అది తూర్పు వైపు జరుగుతుంది. తర్వాత ఆగి, వెనక్కి నడుస్తున్నట్టు కనిపించి, మళ్లీ ముందుకు సాగుతుంది. 2027 ఫిబ్రవరి 19న అంగారకుడు సూర్యుడికి సరిగ్గా ఎదుటి దిక్కున, సింహరాశిలో, రాత్రంతా కనిపించేలా ఉంటాడు. ఆ రోజుకు ముందూ వెనకా కొన్ని వారాలు చుక్కలు పెడితే వెనక నడక మొత్తం నోటుబుక్కులో పడుతుంది.

టెలిస్కోపు ఇంకా పుట్టని రోజుల్లో టైకో బ్రాహే ఏళ్ల తరబడి చేసిన పని ఇదే. ఆయన రాసిపెట్టిన అంగారకుడి లెక్కలతో కుస్తీ పట్టి, గ్రహాలు తిరిగేది వృత్తంలో కాదు, దీర్ఘవృత్తంలో అని కెప్లర్ 1609లో ప్రకటించాడు. తొమ్మిదో, పదో తరగతి ఫిజిక్స్ పునాదులు అక్కడున్నాయి. పెన్‌పహాడ్ పిల్లల నోటుబుక్కులోని చుక్కలు టైకో చేసిన ఆ పరిశీలననే చిన్నగా మళ్లీ చేస్తాయి. పుస్తకంలో ఉన్నది నిజమేనా అని సొంత కళ్లతో సరిచూసుకున్న పిల్లలకు సైన్సు అంటే బట్టీ కొట్టేది అన్న భ్రమ జన్మలో కలగదు.

ఇక మిగిలింది పెద్దల బాధ్యత. శాస్త్రవేత్త వచ్చిన రోజు శాలువా కప్పి, ఫొటో దిగి, వార్త వేయించి ఊరుకుంటే ఆ రోజుతోనే అంతా అయిపోతుంది. ఎవరు ఏ ప్రశ్న అడిగారో సైన్సు టీచర్ ఒక పుస్తకంలో పేరుతో, తరగతితో రాసిపెట్టాలి. వరి గురించి అడిగిన పిల్లను రాజేంద్రనగర్ పరిశోధన క్షేత్రానికి ఒకసారి తీసుకెళ్లాలి. ఇంజిన్ గురించి అడిగిన పిల్లవాడికి ఐటీఐ, పాలిటెక్నిక్ గడపలు చూపించాలి. యువిక దరఖాస్తు వచ్చినప్పుడు ఆఖరి తేదీ దాటకముందే పుస్తకంలోని తొమ్మిదో తరగతి పేర్లన్నీ నింపి పంపాలి. ఇంటర్నెట్ పనిచేయకపోతే పంచాయతీ ఆఫీసుకెళ్లి పంపాలి. తల్లిదండ్రులు ఆడపిల్ల చదువును పదితో ఆపకుండా చూడాలి. అదే బడిలో చదివి బయటికెళ్లి ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్లు ఏడాదికోసారి తమ బడికి వచ్చి ఒక పూట కూర్చోవాలి.

‘నేను సైంటిస్టు అయితనా?’ అన్న పిల్లకు చెప్పాల్సింది ఇది: నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు వెతికే పనికి ఈ పేరుంది, ఆ పనికి ఈ చదువు కావాలి, ఆ చదువుకు దరఖాస్తు ఈ నెలలో, ఫారం నేను నింపుతా, రేపు ప్రార్థన అయ్యాక స్టాఫ్ రూముకు రా.